అమ్మతో కార్తహేనా: కోట ఎక్కగలమా, శాకాహారం దొరుకుతుందా?

కూకట్‌పల్లి ప్రయాణికుడు:
తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. డిసెంబరులో అమ్మను తీసుకుని వెళ్తున్నాను. మధ్యలో కొలంబియాలోని కార్తహేనా చూసి రావాలని వాడి పట్టు. అమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టదు. మాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. వెళ్లి వచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

తార్నాక బాటసారి:
వీసా దిగులు వద్దు. అమెరికా వీసాకు ఇంకా 180 రోజుల గడువు ఉంటే భారతీయులకు కొలంబియా వీసా విడిగా అక్కరలేదు. టికెట్లు కొనే ముందు ఒకసారి సరిచూసుకోండి, నిబంధనలు మారుతుంటాయి.

మెహదీపట్నం మాస్టారు:
సముద్రస్నానం కోసమైతే వెళ్లకండి. బోకాగ్రాండే వైపు ఇసుక బూడిద రంగు, పైగా మసాజు చేస్తామంటూ వెంటపడేవాళ్లు కుదురుగా కూర్చోనివ్వరు. ఆ ఊళ్లో చూడవలసినవి పాత ఊరి చుట్టూ ఉన్న కోటగోడలు. 1533లో స్పెయిన్‌వాళ్లు స్థాపించిన రేవు అది. బంగారం, వెండి ఓడలకెక్కే చోటు కనుక దొంగల కళ్లన్నీ దాని మీదే. 1586లో ఆంగ్లేయ ఓడదొంగ ఫ్రాన్సిస్ డ్రేక్ ఊరిని పట్టుకుని, సొమ్ము ముట్టాక గాని వదల్లేదు. గోడలు లేచింది ఆ భయంతోనే. దగ్గరగా చూస్తే రాళ్లలో పగడపు చిల్లులు కనిపిస్తాయి.

సాన్ ఫెలిపె కోటకు తలుపులు తీసే వేళకే చేరండి. ఎండ ముదిరితే పైన నీడ అన్నది దొరకదు. ఏటవాలు దారి ఉంది కనుక అమ్మగారు ఆగి ఆగి ఎక్కగలరు. సొరంగాల్లోకి మాత్రం వద్దు, అక్కడక్కడా వంగి నడవాలి. శత్రువు అడుగుల చప్పుడు దూరం నుంచే పసిగట్టేలా కట్టారట. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే బాలా హిస్సార్‌లో విన్నవాళ్లం, మనకు అదేమంత వింత కాదు. అయినా మా ఆవిడను ఒక చివర నిలబెట్టి ఇటునుంచి గుసగుసగా పిలిచాను. వినబడింది. తిట్లు కూడా స్పష్టంగా వినబడ్డాయి.

కోట ముందు స్పెయిన్ నౌకా సేనాని బ్లాస్ దె లేసో విగ్రహం ఉంది. ఒక కాలు, ఒక కన్ను పోయినవాడు, ఒక చెయ్యి పనిచేయదు. 1741లో ఆంగ్లేయ అడ్మిరల్ వెర్నన్ పెద్ద నౌకాదళంతో వస్తే నిలువరించాడు. ఊరు చేజిక్కక ముందే ఇంగ్లండులో విజయ పతకాలు పోతపోశారు, వాటి మీద లేసో మోకరిల్లినట్టు బొమ్మ! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తిండికి ఇబ్బందే. మాంసం వద్దంటే కోడి, చేప వస్తాయి. మూడూ విడివిడిగా వద్దని ఫోనులో స్పానిష్‌లో రాసి చూపించండి. కొబ్బరిపాల అన్నం, వేయించిన పచ్చి అరటికాయ బిళ్లలు దొరుకుతాయి. వేయించే నూనె ఏమిటో అడగండి. తలమీద పండ్ల పళ్లెంతో రంగుల దుస్తుల్లో తిరిగే స్త్రీలను ఫొటో తీయాలంటే డబ్బు ముందే మాట్లాడుకోవాలి. అది వాళ్ల జీవనోపాధి, విసుక్కోకండి. పారిపోయిన బానిసలు నిలబెట్టుకున్న పాలెంకె అనే ఊరి ఆడపడుచులు వాళ్లు.

నారాయణగూడ:
పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) టీకా సంగతి ఎవరూ చెప్పలేదేమిటి? కొలంబియా నుంచి బయలుదేరి ఆరు రోజుల్లోపు మన దేశంలో దిగితే టీకా పత్రం అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. టీకా వేయించుకున్న పది రోజులకు గాని అది చెల్లదు. అరవై దాటినవారికి ఆ టీకా వేసే ముందు డాక్టరు ఆలోచిస్తారు. కాబట్టి ముందు కార్తహేనా, తరువాత డల్లాస్‌లో వారానికి పైగా ఉండి ఇంటికి రండి.

కూకట్‌పల్లి ప్రయాణికుడు:
అందరికీ ధన్యవాదాలు. తేదీలు అలాగే మారుస్తాను. మాస్టారూ, రోసారియో దీవులకు పడవలో తీసుకెళ్లవచ్చా?

మెహదీపట్నం మాస్టారు:
డిసెంబరులో గాలి జోరు. పొద్దున బాగానే వెళ్తారు, సాయంత్రం తిరుగు ప్రయాణంలో పడవ ఎగిరెగిరి పడుతుంది. తమ్ముణ్ణి పంపండి. మీరు, అమ్మగారు చల్లబడ్డాక గోడ మీద నడవండి.