లక్షా ఇరవై వేల బడ్జెట్: కొత్త 125 కొనాలా, సెకండ్ హ్యాండ్ క్లాసిక్ 350 కొనాలా?

ఖమ్మం కుర్రాడు

అందరికీ నమస్కారం. నేను ఉండేది నిజాంపేటలో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. అటూ ఇటూ తిరుగుళ్లతో కలిపి రోజుకి దాదాపు 40 కిలోమీటర్లు అవుతుంది. వీలున్నప్పుడు సూర్యాపేట మీదుగా ఖమ్మం వెళ్తుంటాను, అది 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చేతిలో లక్షా ఇరవై వేలు ఉన్నాయి. లోన్ జోలికి వెళ్లను. నాన్నగారు కొత్త 125 సీసీ బైక్ తీసుకోమంటున్నారు. రూమ్మేట్ మాత్రం అదే డబ్బుకి సెకండ్ హ్యాండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 వస్తుంది కదా అంటున్నాడు. మనసు అటే లాగుతోంది. వాడుతున్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

నల్లమల రైడర్

తమ్ముడూ, కళ్లు మూసుకుని 350 తీసుకో. 125 మీద ఖమ్మం వెళ్లొచ్చు, ఎవరూ కాదనరు. కానీ హైవే మీద వెనక నుంచి బస్సు వస్తుంటే పక్కకి జరిగి దారి ఇచ్చుకుంటూ పోవాలి. సూర్యాపేట దాటేసరికి నడుము పట్టేస్తుంది. 350 మీద 80లో నిలకడగా వెళ్తుంటే అలసటే తెలియదు. శ్రీశైలం ఘాట్‌లో వెనక మనిషిని ఎక్కించుకుని కూడా మాటిమాటికీ గేరు తగ్గించకుండా ఎక్కుతుంది. 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ లాగే బలం, ఏమిటో అక్కడ అర్థమవుతుంది.

ఇంకో మాట. చాలామంది ఇది మోజు అంటారు, నేను సేఫ్టీ అంటాను. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రం లాక్ కాకుండా చూసేది, తప్పనిసరి చేశారు. 125, అంతకంటే చిన్న బండ్లకి సీబీఎస్, అంటే ఒక బ్రేక్ నొక్కితే రెండు చక్రాలకీ పడేది, ఉంటే చాలని అప్పుడు పెట్టారు. వానలో కుక్క అడ్డం వచ్చినప్పుడు ఆ తేడా ప్రాణం మీదకి వస్తుంది.

లెక్కల మాస్టారు

నల్లమల రైడర్ గారు ఆదివారం గురించి చెప్పారు. ఈ అబ్బాయి బండి నడిపేది సోమవారం నుంచి శనివారం దాకా. రోజుకి 40 అంటే నెలకి దగ్గర దగ్గర 1000 కిలోమీటర్లు. పెట్రోల్ లీటరు 107 రూపాయలు అనుకుందాం. 125కి సిటీలో 55 వస్తుందనుకుంటే నెలకి 1950 రూపాయలు. క్లాసిక్‌కి 33 అనుకుంటే 3250. నెలకి 1300 తేడా, ఏడాదికి పదిహేను వేల పైమాటే. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి తప్పనిసరిగా కట్టేది, అంతవరకే చూసినా 2022లో పెట్టిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ దాకా బండికి ఏడాదికి 714, 150 నుంచి 350 దాకా 1366. టైర్లు, చైన్ కిట్, బ్రేక్ ప్యాడ్లు, సర్వీసు అన్నీ 350కే ఎక్కువ. బండి కొన్న రోజు ఇచ్చిన లక్షా ఇరవైతో ఖర్చు ఆగదు బాబూ. లోన్ వద్దనుకునేవాడివి ఆ నెలవారీ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తావో ముందు చూసుకో.

స్కూటర్ నుంచి బైక్‌కి

ఒక ఆడమనిషిగా నా మాట కూడా వినండి. మా ఇంట్లో 350 ఉంది, మా వారూ నేనూ ఇద్దరం నడుపుతాం. రోడ్డెక్కాక అంత సుఖమైన బండి లేదు, ఒప్పుకుంటాను. కష్టమంతా బండి ఆగి ఉన్నప్పుడే. కొత్త క్లాసిక్ బరువు 195 కిలోలు. 125ల్లో హోండా షైన్ 113 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, టీవీఎస్ రైడర్ 123. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు కార్ల మధ్య నుంచి వెనక్కి లాగాలన్నా, ర్యాంప్ మీద ఆపి మళ్లీ కదిలించాలన్నా ఆ 70, 80 కిలోల తేడా భుజాలకి తెలుస్తుంది. నిజాంపేట ట్రాఫిక్‌లో అడుగుకోసారి ఆగే రోడ్డు మీద క్లచ్ పట్టుకుని పట్టుకుని చెయ్యి నొప్పి పుడుతుంది.

ఏబీఎస్ గురించి నల్లమల రైడర్ గారు చెప్పింది నిజమే కానీ సగమే. 2024లో వచ్చిన హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌లో ఏబీఎస్ వేరియంట్ ఉంది. అది కావాలంటే 350కే వెళ్లనక్కర్లేదు.

అన్నట్టు, ఇంట్లో ఇంకెవరైనా నడుపుతారా? అమ్మగారు వెనక కూర్చుంటారా? అది చెప్పలేదు మీరు.

చార్జింగ్ బాబాయ్

రోజుకి 40 కిలోమీటర్లు తిరిగేవాడివి ఎలక్ట్రిక్ స్కూటర్ ఎందుకు చూడట్లేదు?

ఖమ్మం కుర్రాడు

బాబాయ్, మా బిల్డింగ్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టనివ్వరు, అడిగి చూశాను. స్కూటర్ అక్కా, మా అమ్మ హైదరాబాద్ వచ్చినప్పుడల్లా ఆసుపత్రికి బండి మీదే తీసుకెళ్తాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. చెల్లికి నా బండి మీద గేర్లు నేర్పాలని ఉంది.

నల్లమల రైడర్

మాస్టారూ, మీ లెక్క బాగానే ఉంది కానీ ఒక కాలమ్ వదిలేశారు. కొత్త బండి షోరూమ్ దాటగానే దాని ధర పడిపోతుంది. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్‌కి కట్టింది అమ్మేటప్పుడు ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు. ఆ దెబ్బ సెకండ్ హ్యాండ్‌లో మొదటి ఓనరే తిని ఉంటాడు. రెండేళ్లు నడిపి అమ్మితే 350కి పెట్టిన డబ్బులో పెద్ద భాగం చేతికొస్తుంది. అప్పుడు పెట్రోల్ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

లెక్కల మాస్టారు

ఆ మాట 2025 సెప్టెంబర్ ముందు అయితే సగమైనా ఒప్పుకునేవాడిని. ఆ నెల 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను కాక వంద రూపాయలు అనుకుంటే, పన్ను కలిపి 128 రూపాయలు పడేది 118కి వచ్చింది, అంటే దాదాపు 8 శాతం తగ్గుదల. క్లాసిక్ కూడా 349 సీసీయే కాబట్టి దానికీ తగ్గింది. కొత్త బండి ధర తగ్గితే పాత బండి ధర కూడా తగ్గాలి కదా? ఇప్పుడు ప్రకటనలు చూడండి, చాలామంది తాము కొన్నప్పటి ధర మనసులో పెట్టుకునే రేటు చెబుతున్నారు. రేపు ఈ అబ్బాయి అమ్మేటప్పుడు కొనేవాడు మాత్రం కొత్త ధరతోనే పోల్చి అడుగుతాడు.

స్పానర్ అన్న

గుంటూరు వైపు షెడ్ నడుపుతున్నాను. రెండు రకాల బండ్లూ నా చేతుల మీదుగా వెళ్తాయి కాబట్టి ఎవరి పక్షమూ కాదు.

అందరూ క్లాసిక్ 350 అని ఒకే మాటగా అంటున్నారు. అవి మూడు రకాలు. 2020 ముందువి 346 సీసీ, కార్బ్యురేటర్. 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక అదే ఇంజిన్‌కి, కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన క్లాసిక్‌లో ఇంజిన్, ఛాసిస్ రెండూ కొత్తవే. ఇంజిన్‌లో బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంటుంది, అందుకే వైబ్రేషన్ బాగా తగ్గింది. నల్లమల రైడర్ అన్న 80లో నిలకడగా వెళ్తుంది అన్నది ఈ మూడో రకానికే సరిగ్గా సరిపోతుంది. పాత ఇంజిన్ నమ్మకమైనదే, కానీ ఆ స్పీడులో చేతులకి, పాదాలకి జుమ్ము తెలుస్తుంది. లక్షా ఇరవైకి ఎక్కువగా దొరికేవి మొదటి రెండు రకాలే.

చూడటానికి వెళ్లేటప్పుడు ముందే వస్తున్నానని చెప్పి, బండి స్టార్ట్ చేసి ఉంచొద్దని అడుగు. సైలెన్సర్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. చల్లటి ఇంజిన్ మొదటిసారి ఎలా స్టార్ట్ అవుతుందో, ఏ శబ్దం చేస్తుందో అదే దాని అసలు గొంతు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం, రింగుల పనో వాల్వ్ సీళ్ల పనో ఉంటుంది. హెడ్ బోల్టుల మీద పానా పడ్డ గుర్తులుంటే ఇంజిన్ ఎప్పుడు విప్పారు, ఎందుకు విప్పారు అని బిల్లుతో సహా అడుగు. మెయిన్ స్టాండ్ వేసి హ్యాండిల్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఒకచోట పట్టినట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ బేరింగులు, పోయినట్టే. ఫోర్క్ మీద ఆయిల్ జిడ్డు చూడు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు ఎంత లోతున్నా అంత పాత రబ్బరు వానలో పట్టు ఇవ్వదు. ఆ ఖర్చు బేరంలో తీసెయ్యాలి. ఎక్కువ నెలలు ఊరికే నిలబెట్టిన బండి అయితే ట్యాంక్ మూత తీసి టార్చ్ వేసి తుప్పు చూడు. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, అది తేమని పట్టేస్తుంది.

మీటర్ రీడింగ్ నమ్మొద్దు. ఫుట్ రెస్ట్ రబ్బరు, గేర్ లీవర్ కొన, గ్రిప్పులు ఎంత అరిగాయో చూడు.

ఆర్టీఏ కాగితాలు

అన్న ఇంజిన్ చెప్పారు, నేను కాగితాలు చెబుతాను. నా లెక్కలో సెకండ్ హ్యాండ్ బండికి ఇదే అసలు ఇంజిన్.

మా బావ తన బండిని పాత బండ్లు కొని అమ్మే ఒక ఆటో కన్సల్టెన్సీకి అమ్మాడు. వాళ్లు ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని డబ్బు ఇచ్చేశారు. పేరు మార్పు మేం చూసుకుంటాం అన్నారు. బండి ఎవరి చేతికి వెళ్లిందో తెలియదు, చలాన్లు మాత్రం బావ ఫోన్‌కి వస్తూనే ఉన్నాయి. తర్వాత ఆ బండి ఒకరిని గుద్దింది. పోలీసులు నేరుగా బావ ఇంటికొచ్చారు. ఆ కొన్ని నెలలు అక్కా బావా పడ్డ టెన్షన్ నేను దగ్గరుండి చూశాను. 2018లో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది, ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు అని. ఇది అమ్మేవాడికి ఎంత ప్రమాదమో కొనేవాడికీ అంతే. అమ్మినవాడు జాగ్రత్తపరుడైతే బండి ఆపేయమని ఫిర్యాదు పెడతాడు, అప్పుడు బండి నీ దగ్గరున్నా నీది కాదు.

కాబట్టి కొనే ముందే ఆర్‌సీ తీసుకుని ఎవరి పేరుందో చూడు, ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూడు. లోన్ తీరిపోయింది అని నోటిమాటగా చెబితే చాలదు, అభ్యంతరం లేదని బ్యాంక్ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 ఇచ్చి ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే బండి మీద లోన్ ఉందన్న నమోదు, తీయించాలి. పెండింగ్ చలాన్లు అమ్మేవాడి చేతే కట్టించు. పేరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30 మీద ఓనరు నీ ఎదుటే సంతకం చెయ్యాలి. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు, కొంత పేరు మారేదాకా ఆపు.

ఇన్సూరెన్స్‌లో ఇంకో మెలిక ఉంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూ వీలర్లకి ఐదేళ్ల థర్డ్ పార్టీ కలిపే ఇస్తున్నారు. 2019లో కొన్న బండికి ఆ ఐదేళ్లు 2024లోనే అయిపోయాయి. తర్వాత చాలామంది కట్టలేదు. పేరు మారాక పాలసీ కూడా 14 రోజుల్లో నీ పేరు మీదకి మార్చమని అడగాలి. లేకపోతే రేపు బండికి దెబ్బ తగిలినా, దొంగలు ఎత్తుకెళ్లినా క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటావు.

ఖమ్మం కుర్రాడు

ఇదంతా చదివాక చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది. రూమ్మేట్ ఒక బండి చూపించాడు. 2019 మోడల్, 31 వేల కిలోమీటర్లు, లక్షా పదిహేను వేలు అడుగుతున్నారు. ఏపీ 39 నంబరు. బండి నీట్‌గా ఉంది, సైలెన్సర్ మార్చి ఉంది, సౌండ్ అదిరిపోతోంది. ఇన్సూరెన్స్ అడిగితే "ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల్లో చేయించుకోవచ్చు" అన్నాడు.

ఆర్టీఏ కాగితాలు

అంటే ఇన్సూరెన్స్ లేదనే కదా! ఇక ఏపీ 39 అన్నది రాష్ట్రం మొత్తానికీ ఒకటే సిరీస్, ఆ నంబరు చూసి అది శ్రీకాకుళం బండో అనంతపురం బండో చెప్పలేం. హైదరాబాద్‌లో శాశ్వతంగా నడపాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి, తెలంగాణలో లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చు, ఆఫీసు సెలవులు కలిపితే లక్షా పదిహేను కాస్తా నీ బడ్జెట్ దాటిపోతుంది.

స్పానర్ అన్న

మార్చిన సైలెన్సర్ ఉంటే పాతది ఇస్తాడా అడుగు. పోలీసులు పట్టుకుంటే ఊడదీయిస్తారు, అప్పుడు ఒరిజినల్ కొనాల్సింది నువ్వే. 31 వేలు నిజమే అనుకున్నా చైన్ కిట్, టైర్లు, క్లచ్ ప్లేట్లు ఈపాటికి మార్చి ఉండాలి, లేదంటే నీ నెత్తిన పడతాయి. 2019లో ఏ నెలలో తయారైందో కూడా చూడు, ఏప్రిల్ ముందుది అయితే ఏబీఎస్ ఉందో లేదో కళ్లతో చూసి తెలుసుకోవాలి.

నల్లమల రైడర్

ఆ బండి వద్దు తమ్ముడూ, నేనూ ఒప్పుకోను. కానీ ఒక్క బండి బాగాలేదని 350 ఆశ వదులుకోవద్దు. ఆగు. 2022 తర్వాతది, తెలంగాణ రిజిస్ట్రేషన్, ఒకే ఓనరు, సర్వీస్ రికార్డు ఉన్నది లక్షన్నర దగ్గర దొరుకుతుంది. ఆరు నెలలు డబ్బు కూడబెట్టి అది కొను. ఇష్టం లేని బండి కొన్నవాడు ఏడాది తిరక్కుండా దాన్ని అమ్మి మళ్లీ బజారుకే వస్తాడు. అలాంటివాళ్లని ఎంతమందినో చూశాను.

స్కూటర్ నుంచి బైక్‌కి

ఆ ఆరు నెలలు అమ్మగారిని ఆసుపత్రికి దేని మీద తీసుకెళ్తాడండీ? మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎక్కి దిగేటప్పుడు బండి ఒరగకుండా కాళ్ల మీద ఆపాలి. 195 కిలోల బండితో అది రోడ్డు పక్కన వాలులో ప్రయత్నించి చూడమనండి. తమ్ముడూ, ఏ బండైనా సరే, టెస్ట్ రైడ్‌కి అమ్మగారిని తీసుకెళ్లు. ఆవిడ ఎక్కి కూర్చుని కాలు ఫుట్ రెస్ట్ మీద పెట్టగలుగుతున్నారా చూడు.

లెక్కల మాస్టారు

నేనూ ఆ అమ్మాయి మాటే. ఇంకో మాట, 125 ఆన్ రోడ్ పోగా ఏం మిగిలినా ఐఎస్ఐ మార్కున్న హెల్మెట్లు రెండు కొను, ఒకటి నీకు, ఒకటి అమ్మగారికి. బజారులో రెండు వందలకి దొరికే టోపీలు కాదు.

ఖమ్మం కుర్రాడు

ఆ 2019 బండి వద్దని ఇందాకే ఫోన్ చేసి చెప్పేశాను. రూమ్మేట్ అలిగాడు. అమ్మ వచ్చే వారం వస్తోంది. ఏబీఎస్ ఉన్న 125 ఒకటి, రైడర్ ఒకటి ఆవిడని ఎక్కించి చూస్తాను. నల్లమల అన్నా, 350 మీద ఆశ పోలేదు, చెల్లి ఉద్యోగంలో చేరాక ఈ 125 తనకి ఇచ్చేసి అప్పుడు కొంటాను. స్పానర్ అన్నా, అప్పుడు బండి చూడటానికి మీరు హైదరాబాద్ వస్తారా?

స్పానర్ అన్న

వస్తాను. పొద్దున్నే చూద్దాం, ఇంజిన్ చల్లగా ఉండాలి.

నల్లమల రైడర్

అప్పటిదాకా శ్రీశైలం రావాలనిపిస్తే చెప్పు తమ్ముడూ, నా బండి వెనక సీటు ఖాళీయే. రాత్రి 9 తర్వాత అడవి గేట్లు మూసేస్తారు, పొద్దున్నే బయల్దేరాలి. ఘాట్‌లో నీ చేతికిస్తాను, నడిపి చూశాక 125 గురించి మళ్లీ మాట్లాడదాం.