కలుషిత నేల: పూర్తిగా శుద్ధి చేశాకే కట్టనివ్వాలా, వాడకానికి తగినంత చేస్తే చాలా?

మట్టిమనిషి:
మూతపడ్డ ఫ్యాక్టరీల స్థలాల్ని ఇళ్లకు పనికొచ్చేంతగా శుభ్రం చేయించాకే అనుమతులివ్వాలి అంటాను. గోడౌనుకైతే అంత అక్కర్లేదు, దస్తావేజులో షరతు రాస్తే సరిపోతుందనే వాదన నాకు నచ్చదు. అమెరికాలోని లవ్ కెనాల్‌లో హుకర్ అనే రసాయనాల కంపెనీ సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకి స్కూలు బోర్డుకి రాసిచ్చింది. కింద రసాయనాలున్నాయని దస్తావేజులోనే ఉంది! అయినా బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో కుటుంబాల్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

పునాదిరాయి:
దాని తర్వాత అమెరికాలో కలుషిత స్థలాల శుద్ధికి వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం (1980) సంగతీ చూడండి. పాడుచేసినవాళ్లతో పాటు ఇప్పటి యజమాని మీదా శుద్ధి ఖర్చు భారం పెట్టింది, తప్పు అతనిది కాకపోయినా. ఇంకెవరు కొంటారు? బ్యాంకులు వెనకాడాయి, బిల్డర్లు ఊరి శివార్ల పొలాలకి పోయారు. విషం నగరం మధ్యలోనే ఉండిపోయింది. కొనేముందు నేల చరిత్ర విచారించి, విషం ఉందని తెలిసే కొని, కొన్నాక జాగ్రత్తలు తీసుకునేవాళ్లకి రక్షణ 2002లో గానీ రాలేదు. నెదర్లాండ్స్ అయితే 1980లో లెక్కర్‌కెర్క్ అనే ఊళ్లో ఇళ్ల కింద రసాయనాలు బయటపడ్డాక, ఏ వాడకానికైనా పనికొచ్చేలా నేలను బాగుచేయాలని పట్టుబట్టింది. ఆ ఖర్చు మోయలేక 1990ల చివర్లో వాడకాన్ని బట్టి శుద్ధికి మారింది. మీరడిగేది వాళ్లు చేసి చూసినదే, మట్టిమనిషి గారూ.

చెలమ:
పూర్తి శుద్ధి అంటే చాలాచోట్ల మట్టి తవ్వి, లారీలకెత్తి, ఇంకోచోట పూడ్చడమే. ఆ ఇంకోచోటా మనుషులుంటారు. కాబట్టి వాడకాన్ని బట్టి శుద్ధికి నేను ఒప్పుకుంటాను. కానీ పైన కాంక్రీటు పరిచేసి పని అయిపోయిందంటే ఒప్పుకోను. ఫ్యాక్టరీల్లో వాడే ట్రైక్లోరోఎథిలీన్ లాంటి ద్రావకాలు భూగర్భజలంలోంచి ఆవిరై, నేల పగుళ్లగుండా గదుల్లోకి వస్తాయి. ఆ గాలిని ఏళ్ల తరబడి పరీక్షించాలి. స్థలం చేతులు మారాక ఆ పరీక్షలకి డబ్బెవరు పెడతారో చట్టంలో రాయకపోతే ఆ షరతు ఎందుకూ పనికిరాదు.

మట్టిమనిషి:
డబ్బు ముందే డిపాజిట్ చేయించి, గోడౌను స్థలంలో ఇళ్లు కట్టాలంటే మళ్లీ మొదటినుంచీ మట్టి పరీక్షలు చేయాలని రాస్తే నేనూ ఆలోచిస్తాను. కంపెనీ దివాలా తీసినా ఆ డబ్బు అప్పులవాళ్ల చేతికి పోకూడదు. అంతవరకూ రాసిన చట్టం ఉంటే చూపించండి, పునాదిరాయి గారూ.