అప్‌డేట్: "నీ బాంచెన్" సంగతి తేలింది

మా నల్లగొండ వైపు పెద్దవాళ్లు బతిమాలేటప్పుడు "నీ బాంచెన్" అంటారు కదా, ఆ మాట ఎక్కడిదని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాంచ అంటే బానిస, దాసి. "పేదవాడను"లో ఉన్న "ను" దీనికీ చేరి "బాంచను", నోట్లో నలిగి "బాంచెన్". అంటే "నేను నీ బానిసను" అనే పూర్తి వాక్యమన్నమాట! ఉర్దూ మాటని ఒకరన్నారు గానీ, ఆ "ను" చూశాక నాకు నమ్మబుద్ధి కాలేదు.

దొరల కాలంలో ఇది మాటవరసకు అన్నది కాదు. వెట్టి నిజంగానే ఉండేది. దొర బిడ్డకు పెళ్లయితే వెంట ఆడబాపను, అంటే దొర ఇంట్లో దాసిగా ఉండే అమ్మాయిని, కూడా పంపేవాళ్లు. 1946 జులై 4న కడవెండిలో (అప్పుడది నల్లగొండ జిల్లాయే) దొరల మీద తిరగబడ్డ దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు బలయ్యాక, తెలంగాణ సాయుధ పోరాటం ఊరూరా పాకింది.

మా మేనత్త మాత్రం ఇవేవీ పట్టించుకోదు. మనవడు మారాం చేస్తుంటే, పెరుగన్నం ముద్ద పట్టుకుని, "నీ బాంచెన్ బిడ్డా, ఇంకొక్క బుక్క తిను" అంటది. ఆమె కొడుక్కి ఆ మాటంటే ఒళ్లుమంట, అనొద్దంటాడు. "సరే, నీ బాంచెన్, ఇగ అనను తీ" అంటది.