ఈ-రీడర్ తెరకు కళ్లు ఎన్నాళ్లకు అలవాటు పడతాయి?

మాది తిరుపతి. నాన్నకు చదవడమంటే ప్రాణం. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఫోన్ వెలుతురు పడటం లేదని ఈ-ఇంక్ రీడర్ (కాగితంలాంటి తెరతో పుస్తకాలు చదువుకునే పరికరం) కొన్నాను. 6 అంగుళాల తెర, 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు). మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఎండలో కూడా అక్షరం అచ్చు కాగితంలాగే ఉంది, అది మాత్రం భలే నచ్చింది.

కానీ పేజీ తిప్పుతుంటే తెర ఒక్కసారిగా నల్లబడి తెల్లబడుతోంది. పాత అక్షరాల నీడ పోవడానికే అని చెప్పినా నాన్న ఉలిక్కిపడుతున్నారు. పైగా తెలుగు పీడీఎఫ్‌లో వత్తులు మరీ సన్నగా, బూడిదరంగులో కనిపిస్తున్నాయి. ‘లక్ష్మి’లో మ వత్తు వెతుక్కోవాల్సి వస్తోంది.

ఈ రిఫ్రెష్ (తెర నల్లబడి తెల్లబడటం) తగ్గిస్తే నీడలు చదవడానికి బాగా అడ్డొస్తాయా? వత్తులు ముదురుగా కనపడాలంటే ఏం చేయాలి? రాత్రిపూట రీడర్‌లోని పసుపు లైటు ఎంతలో పెట్టుకుంటున్నారు? ఇంట్లో పెద్దవాళ్లు వాడేవాళ్లుంటే దయచేసి చెప్పండి.