గామా డిటెక్టర్ల పనిలోకి వెళ్లాలంటే ఏ దారి మేలు?

అందరికీ నమస్తే. మాది అనంతపురం, ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. మా ల్యాబ్‌లో గామా కిరణాలను కొలిచే ఒక పాత సోడియం అయోడైడ్ డిటెక్టర్ ఉంది, హై వోల్టేజ్ కాస్త అటూ ఇటూ అయితే చాలు, సీజియం-137 పీక్ (గ్రాఫ్‌లో దాని గామా కిరణాల శిఖరం) 662 కేఈవీ (కిరణాల శక్తిని కొలిచే యూనిట్) దగ్గర నిలవకుండా పక్కకు జరిగిపోతుంది, దాన్ని మళ్లీ దారికి తెచ్చేసరికి నాకు మధ్యాహ్నం అన్నం సంగతే గుర్తుండదు. ఆ పిచ్చితోనే లద్దాఖ్‌లోని హాన్లేలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు కట్టిన, అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణాల కోసం చూసే మేస్ టెలిస్కోప్ గురించి చదివాను. 21 మీటర్ల అద్దం, కెమెరాలో 1,088 ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు (చిన్న వెలుగును కూడా విద్యుత్ సిగ్నల్‌గా మార్చేవి). గామా కిరణం వాతావరణాన్ని తాకినప్పుడు కొన్ని నానోసెకన్లు మాత్రమే మెరిసే చెరెన్‌కోవ్ వెలుగును పట్టేస్తుందట!

నా డౌట్ ఏంటంటే, నాకు డేటా విశ్లేషణ కంటే పరికరం తయారీ ఇష్టం. అలాంటివాళ్లకు బార్క్ ట్రైనింగ్ స్కూల్ మేలా, టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) ఎంట్రన్స్ రాసి పీహెచ్‌డీలో చేరడం మేలా? ఎలక్ట్రానిక్స్ ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) దాకానే వచ్చు, ఎఫ్‌పీజీఏ (మనకు కావలసిన సర్క్యూట్‌లా ప్రోగ్రామ్ చేసుకునే చిప్) ఇప్పుడే మొదలుపెట్టాలా? ఇంట్లో మా నాయన బీఈడీ చేయమంటున్నాడు (ఆయన బాధ ఆయనది, ఈసారి వేరుశనగ కూడా సరిగా పండలేదు). ఈ రంగంలో ఉన్నవాళ్లు, మీ మొదటి రెండేళ్లు ఎలా గడిచాయో కొంచెం చెప్పండి.