ఉద్యోగం ఉండగా కారం వ్యాపారం: ధైర్యం చేయొచ్చా?

ప్రశ్న (గుంటూరు): సొంత కారప్పొడి బ్రాండు పెట్టాలని ఎప్పటి నుంచో కోరిక. చేతిలో లక్షన్నర ఉంది. జీతం వదలాలంటే భయమేస్తోంది. ఎలా మొదలుపెట్టాలండి?

జవాబు 1: ఉద్యోగం ఇప్పుడే మానకండి. 50 కిలోలు ఆడించి చూడండి. ఘాటుకి తేజ రకం మిర్చి, రంగుకి బ్యాడిగి రకం కలిపితే రంగు వేయాల్సిన పనే లేదు. తొడిమల తరుగు, మర కూలి, ప్యాకెట్, రవాణా కలిపాకే ధర కట్టండి; కాయ రేటు ఒక్కటే చూసుకున్నవాళ్లు నష్టపోతారు. ఆడించిన పొడి వేడిగా ఉంటుంది, పరిచి పూర్తిగా చల్లార్చాలి. వేడి మీద ప్యాక్ చేస్తే చెమ్మ పట్టి గడ్డకడుతుంది, బూజొస్తుంది. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రకారం పొడిలో తేమ 11 శాతం దాటకూడదు. ఆ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మొద్దు.

జవాబు 2: లక్షన్నరలో సగం కదపకండి. కిరాణా కొట్లు అరువడుగుతాయి. సరుకు పోతున్నా చేతిలో డబ్బాడక మూతపడేది అక్కడే. పాత బాకీ వచ్చాకే కొత్త సరుకివ్వండి. చిన్న వ్యాపారాలకి కేంద్రం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకి పైసా ఇవ్వక్కర్లేదు. చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్రా పథకంలో శిశు రుణం 50 వేల దాకా వస్తుంది, తాకట్టు లేకుండా.

ప్రశ్న అడిగినవారు: ఇంట్లోవాళ్లని ఒప్పించేదెలా?

జవాబు 1: ఎంత పోతే ఆపేస్తారో ముందే కాగితం మీద రాసి చూపించండి. చుట్టాలు కొన్నది లెక్కలోకి తీసుకోవద్దు. తెలియనివాళ్లు రెండోసారి అడుగుతుంటేనే బస్తాలు పెంచండి.