చిన్న ఊరి హైస్కూల్లో ఫిజిక్స్ క్లాసు లేదు, ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మేం కెనడాలోని ఉత్తర ఒంటారియోలో, టిమ్మిన్స్‌కి గంటన్నర దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో ఉంటున్నాం. మా అమ్మాయి విజయవాడలో పదో తరగతి అయ్యాక వచ్చి, ఇక్కడి పబ్లిక్ హైస్కూల్లో పదకొండులో చేరింది. ప్రిన్సిపాల్ అక్కడి మార్కులు చూసి క్రెడిట్లు (ఒక్కో కోర్సు పూర్తి చేస్తే లెక్కలోకి వచ్చేవి) ఇచ్చారు. హైస్కూల్ డిప్లొమాకి మొత్తం 30 కావాలి, వాటికి లోటు లేదు. టీచర్లు కూడా చాలా మంచివాళ్ళు, పిల్లని పేరు పెట్టి పలకరిస్తారు.

టెన్షన్ అంతా వచ్చే ఏడాది గురించే. తనకి ఇంజనీరింగ్ చదవాలని ఉంది. దానికి పన్నెండులో ఇంగ్లీష్, అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్ (ఇదొక లెక్కల కోర్సు), కాల్‌క్యులస్, కెమిస్ట్రీ, ఫిజిక్స్ యూనివర్సిటీకి సిద్ధం చేసే స్థాయిలో ఉండాలి. ఫిజిక్స్‌కి పేర్లిచ్చింది నలుగురే, అందుకని క్లాసు పెట్టట్లేదట! ఆన్‌లైన్లో తీసుకోమని గైడెన్స్ కౌన్సిలర్ చెప్పారు. వేరే స్కూల్ బోర్డు నడిపే ఈ-లెర్నింగా, ఒంటారియో ప్రభుత్వ దూరవిద్యా స్కూలైన టీవీఓ ఐఎల్‌సీనా అన్నది మమ్మల్నే తేల్చుకోమన్నారు.

మీ పిల్లలెవరైనా ఇలా ఫిజిక్స్ చదివారా? ల్యాబ్ ప్రయోగాల సంగతేంటి? ఫైనల్ పరీక్ష ఎక్కడ రాయించారు? అడ్మిషన్లలో ఆన్‌లైన్ క్రెడిట్‌ని తక్కువగా చూశారా? డబ్బు కట్టే ప్రైవేట్ ఆన్‌లైన్ స్కూళ్ళ ప్రకటనలు తెగ వస్తున్నాయి, వాటి మీద నాకు నమ్మకం లేదు.

మావారేమో పెద్ద ఊరైన సడ్‌బరీకి మారిపోదాం అంటున్నారు. ఒక్క సబ్జెక్టు కోసం ఉద్యోగం వదులుకోవాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఫిబ్రవరిలోగా కోర్సులు ఎంచుకోవాలి.